పూత లేని గోడ

“పూత ఎయ్యడం మరిసిపోనారేటి బాబూ?” అన్నాడు అసిరయ్య అనే రైతు, హాలు మధ్య నిలబడి.

జగన్నాధం పళ్లు కొరుక్కున్నాడు. పొద్దుట్నించి ఆ మాట వినడం అది పదకొండోసారి. మరిచిపోలేదనీ, ఆ గోడ అలాగే ఉండాలనీ పదకొండోసారి చెప్పాడు. అసిరయ్య జాలిగా తలూపి మేడెక్కాడు.

ఉప్పు వ్యాపారి గణపతిరావు నౌపడలో కట్టించిన కొత్త ఇల్లు అది. అరవై ఎనిమిదో సంవత్సరం, ఆ చుట్టుపక్కల మామూలు డాబా ఇల్లే ఒక వింత. గృహప్రవేశానికి ముందు మూడు రోజులు ఎవరైనా వచ్చి చూడొచ్చని ఆయన చాటింపు వేయించాడు. ఇక చూసుకోండి, జనం విరగబడ్డారు. పర్లాకిమిడి చిన్నబండికి టైముందని స్టేషన్నించి మూటలతో సహా వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇల్లు గీసింది బొంబాయి ఆర్కిటెక్టు, దగ్గరుండి కట్టించింది సూపర్‌వైజరు జగన్నాధం. అందుకని చూపించే పనీ అతని నెత్తినే పడింది.

నిజానికి అదంటే అతనికి చచ్చేంత ఇష్టం. ఒక గోడ పొడుగునా ఒకటే కిటికీ ఉంది. అందులోంచి చూస్తే ఉప్పుమళ్లు తెల్లగా ఆకాశం దాకా కనిపిస్తాయి. కింద ఏ ఆధారమూ లేకుండా గోడలోంచి ఒక్కొక్కటే పొడుచుకొచ్చిన మెట్లు చూసి జనం ముందు భయపడేవారు, తర్వాత దిగమన్నా దిగేవారు కాదు. నడి మధ్యాహ్నం కూడా ఇంట్లో గాలి ఆడుతూనే ఉండేది. ఇంత అందమైన ఇల్లు తన చేతుల మీదుగా లేచిందంటే అతనికే నమ్మబుద్ధి అయ్యేది కాదు.

వచ్చిన చిక్కల్లా ఆ హాలు గోడతోనే. నేల నించి కప్పు దాకా వట్టి సిమెంటు కాంక్రీటు. పోత పోసేటప్పుడు అచ్చుకి బిగించే చెక్క పలకలు చాలకపోతే, సముద్రపొడ్డున ఎక్కడో దొరికిన పాత పలకలు తెప్పించి బిగించారు. పలకలు ఊడదీశాక చూస్తే, చెక్క మీది చారలన్నీ గోడ మీద అచ్చుపడ్డాయి. పలకల అంచుల్లో ఉన్న కన్నాల్లోకి సిమెంటు దిగి, శనగ గింజలంత బొడిపెలు వరసగా తేలాయి. జగన్నాధం హడలిపోయాడు గానీ, ఆర్కిటెక్టు వచ్చి చూసి మురిసిపోయి, దీని మీద చెయ్యి వెయ్యొద్దన్నాడు. అప్పట్నించీ చూడగా చూడగా జగన్నాధానికీ ఆ గోడంటే ప్రాణమైంది.

గణపతిరావు భార్య పద్మకుమారికి మాత్రం దాన్ని చూస్తే తలకొట్టేసినట్టుండేది. పెరట్లో సున్నం నానబెట్టించి సిద్ధంగా కూర్చుంది. మధ్యలో నలిగిపోయిన గణపతిరావు చివరికి ఒక మాట చెప్పాడు. మూడో రోజు సాయంత్రం లోపు ఒక్కరైనా ఆ గోడ బాగుందంటే ఉంచుతాడు, లేకపోతే మర్నాడే సున్నం.

రెండు రోజులు గడిచాయి. ఒక్కరూ అనలేదు.

కానీ దానమ్మ ఉంది. ఎండుచేపలు అమ్ముకునే ఆవిడ మొదటిరోజు అందరితోపాటే వచ్చింది, గంప గేటు దగ్గర దింపి. కిటికీ చూడలేదు, మెట్లు ఎక్కలేదు. గోడ ముందు నిలబడింది, నిలబడే ఉంది. రెండో రోజూ వచ్చింది. బొడిపెలను ఒక్కొక్కటే వేలితో తడుముతూ గోడ ఈ చివర నించి ఆ చివరకు నడిచింది. ఒకచోట ఒక బొడిపె పక్కనే ఇంకోటి అంటుకుని ఉంది. అక్కడ ఆగి తనలో తను నవ్వుకుంది. పనిలో ఆ ఒక్క లోపం జగన్నాధానికి మొదట్నించీ కంట్లో నలుసే. ఎంత సూక్ష్మంగా పట్టిందో అని ఆశ్చర్యపోయాడు.

వాచ్‌మన్ నూకయ్యకు అంత ఆశ్చర్యం లేదు. ఆవిడ మొగుడు ఎల్లాజీ రెండేళ్ల కిందట సముద్రం మీదికి చేపలవేటకెళ్లి తిరిగి రాలేదనీ, ఎండన పడి తిరిగే మనిషి గనక గోడ చల్లగా ఉందని ఆనుకుంటోందనీ తేల్చేశాడు. జగన్నాధానికి ఒళ్లు మండింది. అందం తెలియడానికి చదువే ఉండాలా అనుకున్నాడు.

మూడో రోజు సాయంత్రం గణపతిరావు భార్యతో కలిసి వచ్చాడు. హాల్లో దానమ్మ ఒక్కతే ఉంది, అరచెయ్యి గోడకు ఆనించి.

ఈ గోడ నీకెలా ఉందని ఆయన అడిగాడు.

“ఇంత సక్కని గోడ నానెక్కడా సూడనేదు బాబూ,” అంది దానమ్మ. “దీన్ని సున్నంతో కప్పీకండి. మీకు పుణ్యముంటాది.”

ఆవిడ కళ్లల్లో నీళ్లు చూసి పద్మకుమారి కూడా మెత్తబడింది. గణపతిరావు గోడకేసి మొదటిసారి చూస్తున్నట్టు చూసి, పెరట్లో సున్నం ప్రహరీకి వేయించమని చెప్పి భార్యతో వెళ్లిపోయాడు.

జగన్నాధానికి ఆవిడ కాళ్లకు మొక్కాలనిపించింది.

“ఇది నీళ్లకి పాడవదు కదా బాబూ?” అని అడిగింది దానమ్మ.

“సముద్రం వచ్చి కొట్టినా కదలదు,” అన్నాడు.

ఆవిడ తృప్తిగా తలూపింది. తన గోడను నిలబెట్టిన మనిషికి ఏదైనా చెయ్యాలనిపించి, జగన్నాధం ఉలీ సుత్తీ తెచ్చాడు. జంట బొడిపె మీద ఉలి ఆనించి, నువ్వు పట్టుకున్న లోపం కూడా ఇప్పుడే చెక్కేస్తానన్నాడు.

దానమ్మ గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

“ఈ పలకలు తాడుతో కుట్టి పడవ సేసినప్పుడు మా ఎల్లాజీ తప్పు తొలిసిన కన్నం బాబూ అది.”