నిన్నటి తప్పులు

"పత్రికే మూతపడింది. ఇంకా ఆ ఎర్ర పెన్ను ఎందుకండీ?" అంది భార్య.

ఎడిటర్ పోటీ పత్రిక విప్పాడు. దాన్లో తప్పులు ఏరి, మర్నాడు తన పత్రికలో వేసి వాళ్ళ పరువు తీయడం ఆయనకు అలవాటైన పని. ఇవాళ ఆ పోటీ పత్రికలో తన పత్రిక మూతపడిన వార్తే ఉంది: "పదేళ్ల సేవకు సెలవు."

నడిచింది రెండేళ్లే. "పదేళ్ల" కింద గీత గీశాడు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

ఫోన్ మోగింది. పోటీ పత్రిక ఎడిటరే.

"ఏం సార్, తప్పులు ఏరడం అయిందా?"

"ఒకటి దొరికింది. మేం నడిపింది రెండేళ్లు."

"అది మీ లెక్క. ఇవాళ ఏ తప్పు పట్టారోనని రోజూ పొద్దున్నే భయంతోనే మీ పేపరు విప్పేవాణ్ణి. నా లెక్కకి పదేళ్లే."

ఆయన ఎర్ర పెన్నుకి మూత పెట్టాడు.

"సరే సార్. ఇవాళ తప్పుల్లేవు."