బోర్లించిన బకెట్లు

త్రికోటేశ్వరరావు గారి తోటలో బకెట్లన్నీ బోర్లించి ఉన్నాయి. గ్రేస్ ఒకదాన్ని ఎత్తి లోపల వేలితో తడిమింది. పొడిగా ఉంది.

"ఒక్క చుక్క లేదమ్మాయ్. చూసుకో," అన్నాడాయన, దానిమ్మ చెట్టు కింద కుర్చీలోంచి లేవకుండానే.

"మంచిది బాబాయ్," అంది గ్రేస్. అనాల్సి వచ్చినందుకు ఆమెకు చిరాకేసింది.

ఆ వీధికి ఆమె ఆశా కార్యకర్త. శుక్రవారం దోమల పని. అత్త దీనమ్మ క్యారేజీ కట్టిచ్చి, ఎండెక్కక ముందే వెళ్ళమని తరుముతుంది. ఇల్లిల్లూ తిరిగి, నిలవ నీళ్ళు ఎక్కడున్నా చూడాలి. లార్వా కనిపిస్తే పారబోయించి, పాత్ర అంచులు తోమించి ఎండబెట్టించాలి. ఫోటో తీసి పైకి పంపాలి. మిగతా రోజులు టీకాలకూ బాలింతలకూ సర్వేలకూ చాలవు.

మాచర్లలో ఈ ఏడు వానలు బాగానే పడ్డాయి. చూరు కింద పడ్డ ప్రతి ధారనీ వీధి జనం పట్టుకున్నారు. వాళ్ళనీ తప్పుపట్టలేం. బోరు నీళ్ళు పోస్తే మొక్కల ఆకులు అంచులు మాడిపోతాయి. పప్పు ఎంత ఉడికించినా మెత్తబడదు. వాన నీళ్ళంటే అందరికీ ప్రాణం.

వానలు మొదలైన కొత్తలో ఆ బకెట్లలోకి తొంగిచూసి గ్రేస్ అదిరిపోయింది. అన్నిట్లోనూ లార్వాలే. మెలికలు తిరుగుతూ, మనిషి నీడ పడగానే అడుక్కి దిగిపోతూ. ఆ రోజు దగ్గరుండి అన్నీ పారబోయించింది. ఆడవాళ్ళు తిట్టిపోశారు. త్రికోటేశ్వరరావు గారైతే, "నా గులాబీల ఉసురు నీకు తగులుద్ది," అన్నాడు.

తర్వాతి శుక్రవారానికి వీధి వీధంతా మారిపోయింది. ఏ ఇంట్లో చూసినా బోర్లించిన బకెట్లే. తిట్టిన నోళ్ళే పలకరించి మంచినీళ్ళు ఇచ్చాయి.

జ్వరాలు మాత్రం ఆగలేదు.

మొన్న ఇదే వీధిలో ఉండే ధరణికి వచ్చింది. ఎన్నో మొక్కుల మీద నిలిచిన కడుపు, ఏడో నెల. మొదటి స్కానింగు నుంచీ ఆ పిల్లని వెంటబెట్టుకుని తిప్పింది గ్రేసే. డెంగీ అని తేలి నరసరావుపేటలో ఆసుపత్రిలో పెట్టారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి.

నిన్న మీటింగులో డాక్టరు గారు అందరి ముందూ అడిగాడు. "నీ ఫోటోల్లో అన్నీ ఖాళీ బకెట్లేనమ్మా. మరి మీ వీధికి దోమలు సాగర్ డ్యాం నుంచి ఎగిరొస్తున్నాయా?"

అందుకే ఇవాళ దేన్నీ వదలదల్చుకోలేదు. పక్కనే మెకానిక్ నాగూర్ వలి ఇల్లు. పాత టైర్లు ఎత్తి చూసింది. ఫ్రిజ్ వెనక ట్రే లాగింది. మనీప్లాంటు సీసా వెలుతురులో పెట్టి చూసింది. ఏమీ లేదు.

"ఏందక్కా, పోలీసోళ్ళ మాదిరి!" నాగూర్ వలి భార్య నజీమా పకపకా నవ్వింది. "బిర్యానీ గిన్నె మిగిలింది, అది కూడా ఎత్తి చూడు."

"నవ్వబాకే. అక్కడ ధరణి చావుబతుకుల్లో ఉంది."

నజీమా నవ్వు ఆగిపోయింది. ఏదో చెప్పబోయి చున్నీ సర్దుకుంది. "పొద్దున దాని కోసం దువా చేశానక్కా," అని మాత్రం అని, టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. గ్రేస్‌కి ఇష్టమని పంచదార కాస్త ఎక్కువే వేసింది.

టీ తాగి వీధిలోకి వస్తుంటే మోచేతి మీద చురుక్కుమంది. ఫట్‌మని కొట్టింది. చచ్చిన దోమ నల్లటి ఒంటి మీద తెల్లటి చారలు. పగలు కుట్టే రకం. ఎక్కువ దూరం ఎగరలేదు. అంటే ఇక్కడే ఎక్కడో పుట్టింది. ఎక్కడ? గ్రేస్‌కి ఏడుపొచ్చినంత పనయింది.

అప్పుడే భర్త ప్రభుదాస్ ఫోన్ చేశాడు. "అమ్మకి రాత్రి నుంచి ఒళ్ళు కాలిపోతందంట. ఇప్పుడు ఫోన్ చేస్తే చెప్పింది. నీకు చెప్పొద్దంది కూడా. ఒకసారి ఇంటికి పో."

గ్రేస్ ఫోన్ పెట్టేసింది. గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఇప్పుడు ఇంటికా?" గుమ్మంలోంచి నజీమా కంగారుగా అంది. "అవతల వరస చూడలేదుగా అక్కా!"

త్రికోటేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచి గేటు దాకా వచ్చేశాడు. "అమ్మాయ్, డ్యూటీ మధ్యలో వదిలి పోతే ఎట్టా?"

నన్ను తిట్టినోళ్ళే నాకు డ్యూటీ నేర్పుతున్నారు అనుకుంటూ, ఆమె వీధి చివర ఉన్న తన ఇంటికి దాదాపు పరిగెత్తింది.

దీనమ్మ దుప్పటి కప్పుకుని వసారాలో మంచం మీద వణుకుతోంది. నుదురు పెనంలా కాలుతోంది.

"నువ్వేందే, ఈ ఏళప్పుడు వచ్చావు?"

"మాట్లాడబాక అత్తా. తడిగుడ్డ వేస్తా. తీగ మీద తువ్వాలుంది, తెస్తానుండు."

"పెరట్లోకి పోబాకే!" ముసలావిడ మంచం మీద లేచి కూర్చుంది. "నా మాట విను, తల్లీ!"

అప్పటికే గ్రేస్ గడియ తీసి తలుపు తోసింది.

ఏ శుక్రవారమూ ఆమె తనిఖీ చేయని ఆ ఒక్క ఇంటి పెరట్లో, పొద్దున ఆమె బయల్దేరేదాకా ఖాళీగా ఉన్న చోట, కాలు పెట్టే సందు లేకుండా, వీధి వాళ్ళందరి బకెట్లూ బిందెలూ నిండా వాన నీళ్ళతో బారులు తీరి ఉన్నాయి.