బలం పొడి

“ఒక్క సీసాకీ సీలు తీయలేదేంటక్కా?” అంటూ చెల్లెలు అల్మరా తలుపు బార్లా తెరిచింది. అన్నీ డాక్టరు చెప్పిన బలం పొడి సీసాలే. వారం వారం ఆమే తెచ్చి సర్దుతోంది.

“ఆకలుంటేగా,” అంది అక్క. ఒకప్పుడు ఆస్పత్రినంతా గడగడలాడించిన హెడ్ నర్సు. ఇప్పుడు ఒంటరిగా ఉంటోంది. చేతి గడియారం మోచేతిదాకా జారిపోతోంది.

“సరే, నా ఎదురుగా తాగు.”

అక్క సీసా తీసుకుంది. మునివేళ్ళు తెల్లబడ్డాయి గాని మూత కదల్లేదు.

“తర్వాత తాగుతాలేవే.”

చెల్లెలు సీసా లాక్కుని ఒక్క తిప్పులో మూత తీసేసింది. ఆ పాలవాసనకు అక్క నోట్లో నీళ్ళూరాయి.

“కాపురం కూలి నీ గుమ్మం తొక్కినప్పుడు నన్నేమన్నావక్కా? ‘చేతులున్నాయిగా, నీ తిప్పలు నువ్వు పడు’ అన్నావు.”

అక్క తలెత్తి చూసింది. అంటే తన చేతుల సంగతి దీనికి మొదటినుంచీ తెలుసు. తెలిసే తెచ్చి పేర్చింది.

చెల్లెలు రెండు చేతులా మూత బిగించి, సీసా అల్మరాలో పెట్టి, చెప్పులేసుకుంది.

“కొంచెం... మూత తీసిచ్చి వెళ్ళవే,” అంది అక్క. బుద్ధెరిగాక ఒకరిని నోరు తెరిచి అడగడం ఆమెకదే మొదలు.

“వచ్చేవారం తీస్తాలే అక్కా,” అంటూ చెల్లెలు తలుపు దగ్గరగా వేసింది.