చివరిదాకా చూసిండ్రా?

పెళ్ళిచూపుల్లో ఏ పిల్లయినా కాఫీ ఇస్తుంది. ప్రేమ కాఫీతో పాటు రెండు డీవీడీలు కూడా ఇస్తుంది.

"ఒకటి సముద్రం అడుగున పనిచేసేటోళ్ళది. అది సరదాకు," అంటుంది. "రెండోది మంచుకొండల మీద కావలి కాసే జవాన్లది. దాన్ని చివరిదాకా చూడుండ్రి. చూసినంకనే మీ మాట చెప్పుండ్రి."

పెన్ డ్రైవులు ఇంకా సీడీ షాపుల పొట్ట కొట్టని రోజులు. చిక్కడపల్లిలో అలాంటి షాపులోనే ప్రేమ పని. అశోక్ నగర్ హాస్టళ్ళ పిల్లలు కొత్త సినిమా కోసం వచ్చి, ఆమె అంటగట్టిన డాక్యుమెంటరీ పట్టుకుని పోతారు. షాపులో చెల్లింది సరే, పెళ్ళిచూపుల్లో చెల్లుతుందా?

మేనమామ ముత్యాలు నెత్తి కొట్టుకున్నాడు.

"సంబంధాలు చెట్లకు కాస్తున్నయా? నోరు మూసుకొని కూసుంటే నీ సొమ్మేం పోయింది?"

"మూసుకొనే కూసున్న గద మామా. ఒక్క ముచ్చటన్న చెప్పిన్నా?"

నిజమే. కూతురి నోటి సంగతి తెలిసిన నర్సింహమ్మ ముందే తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. అడిగినదానికే జవాబు, అంతకుమించి ఒక్క మాట లేదు. ప్రేమ ఆ ఒట్టు తప్పలేదు.

"ఊరిడిచి ఈడికొచ్చింది నీ బాగు కోసమే బిడ్డా," అంది నర్సింహమ్మ. "దాన్ని బీరువాల ఏసి తాళం పెట్టు."

"పెట్ట. చూసెటోడు చూస్తడు. చూడనోడు నాకొద్దు."

మొదట వచ్చిన వెంకటేశ్ టీచరు. మూడో రోజే ఫోన్ చేశాడు.

"సూపరుందండి! ఆఖర్ల శత్రువులను ఉరికిచ్చి ఉరికిచ్చి కొట్టిండ్రు. కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్."

ఆ డాక్యుమెంటరీలో ఒక్క తుపాకీ కూడా పేలదు. ప్రేమ వద్దంది.

తర్వాత ఒక ఇంజినీరు. ముహూర్తం పెట్టుకుందామని మందీమార్బలంతో దిగాడు.

"ఇంటిల్లిపాదీ కూసొని చూసినం. మా అమ్మయితే ఒకటే ఏడుపు."

"ఏ కాడ ఏడ్చింది?"

ఇంజినీరు వాళ్ళమ్మ వైపు చూశాడు. వాళ్ళమ్మ ఫ్యాను వైపు చూసింది. వాళ్ళు తిరిగి తెచ్చిన డబ్బా మూతకు ప్రేమ సీలులా అతికించిన షాపు స్టిక్కరు చెక్కుచెదరకుండా ఉంది. ఆ సంబంధమూ పోయింది.

"ఒక్క అబద్ధమాడితే ఏమైతది?" ముత్యాలు కేకలేశాడు. "లోకంల అందరు ఆడేదే. మనం ఆడుతలేమా?"

"అందుకే ఇస్తున్న," అంది ప్రేమ.

మూడో అతను నాగేందర్. ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం. మోచేతి మీద కాలిన మచ్చ. డీవీడీలు తీసుకున్నాడు, తల ఊపాడు, వెళ్ళాడు. వారమైనా ఫోన్ లేదు.

"అయిపాయె, ఇది గూడ గోవిందా," అన్నాడు ముత్యాలు.

ఆ వారమంతా ఫోన్ మోగినప్పుడల్లా ప్రేమ ఉలిక్కిపడింది. మిగతా ఇద్దరూ పోతే పీడా పోయిందనుకుంది. ఇతను పోతాడేమోనంటే భయమేసింది. ఎంత భయమేసినా, ఆ డిస్కు ఇచ్చి తప్పు చేశానని మాత్రం అనుకోలేదు.

ఆదివారం పొద్దున నాగేందర్ ఒక్కడే వచ్చాడు. డబ్బాలు రెండూ టీపాయ్ మీద పెట్టాడు. రెండో దాని స్టిక్కరు చింపి ఉంది.

"చివరిదాకా చూసిండ్రా?" ప్రేమ అడిగింది.

"రెండుసార్లు చూసిన."

సూపరనలేదు. కండ్లల్ల నీళ్ళనలేదు. నర్సింహమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"అది పిచ్చిది బిడ్డా, అయన్ని మనసుల పెట్టుకోకు..."

"జర ఆగమ్మా," అంది ప్రేమ. తలెత్తి నాగేందర్ కళ్ళలోకి సూటిగా చూసింది. "ఏమడుగుతరో అడుగుండ్రి. అడిగినదానికి చెప్తే నా ఒట్టేం పోదు."

నాగేందర్ గ్లాసులో నీళ్ళు తాగి కింద పెట్టాడు.

"ఒక్కటే అడుగుత. ఆఖర్ల మీ ఆయన శవపేటిక మీది జెండా మడిచి మీ చేతుల పెట్టిండ్రు గద, పెండ్లయినంక దాన్ని మనింట్ల ఏడ పెడ్దాం?"