కుమ్మరించిన సంచీ

అక్క ఏటీఎం దగ్గర కొంగు అడ్డం పెట్టుకుని ఏదో దొంగపని చేస్తుంటే పక్కింటావిడ కళ్లారా చూసిందట. ఆ మాట చెవిన పడగానే మెకానిక్ తన అక్క సంచీని హాలు మధ్య కుమ్మరించాడు.

“ఖాతా మొత్తం ఊడ్చేశారు. రేపు పాపకి గుండె ఆపరేషన్. కార్డిచ్చి, పిన్ను నీకొక్కదానికే చెప్పాను. డబ్బెక్కడ దాచావ్?”

“ఎవరికీ కనపడకుండా కొంగు అడ్డం పెట్టి నొక్కమన్నది నువ్వే కదరా!”

సంచీలోంచి రాలినవి రెండు చీరలు, చనిపోయిన బావ కళ్లజోడు.

బ్యాంకు నుంచి భార్య రొప్పుతూ వచ్చింది. “ఎవడో మెషిన్‌కి నకిలీ మీటలు అంటించి అందరి పిన్నులూ, కార్డులూ కాపీ కొట్టాడట. విచారణయ్యాకే డబ్బిస్తారట.”

అతను కూలబడ్డాడు. “పాపనెలా బతికించుకోను అక్కా?”

అక్క తన చేతి బంగారు గాజులు తీసి అతని ఒళ్లో పడేసింది.

“ముందు ఇవి అమ్ము. ఆ దొంగ దొరికితే, వాడి సంచీ కూడా ఇలాగే కుమ్మరించు.”