దుప్పటి దయ్యం షాటు

ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరంలో ఒక ఊరి చర్చి హాల్లో, చీకటి పడ్డాక, టెగెన్, జోవన్ ఇద్దరే మిగిలారు. కాలేజీ పని కింద నవ్వించే దయ్యం సినిమా ఒకదానికి మొదటి సన్నివేశం తీస్తున్నారు. దాన్ని రాసినవాడు టెగెన్ కవల సోదరుడు పెరన్. మొన్నటి చలికాలంలో సముద్రం వాణ్ణి పట్టుకుపోయింది.

దుప్పటి కప్పుకున్న జోవన్ స్టేజీ మెట్టు మీద కాలు జారి దబ్బున పడ్డాడు. షాటు కుదిరింది.

"కదలకు. నిశ్శబ్దం రికార్డు చెయ్యాలి," అంది టెగెన్.

మాటల మధ్య అతకడానికి ఉత్త గది చప్పుడు కూడా కావాలి. పెరన్ ఉన్నప్పుడు ప్రతిసారీ కిసుక్కున నవ్వి దాన్ని చెడగొట్టేవాడు.

ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. గోడ గడియారం చప్పుడు. కిటికీ సందులో గాలి. తర్వాత, చెవి పక్కనే, కిసుక్కుమని నవ్వు.

"నువ్వు నవ్వావా?"

"మోకాలు పగిలితే నవ్వొస్తుందటే పిల్లా? కానియ్, చిప్స్ కొట్టు మూసేస్తారు."

"ఇంకోసారి పడవా?"

పడ్డాడు. నవ్వు కుర్చీల వెనక నుంచి వినిపించింది. మళ్ళీ పడితే తలుపు దగ్గర నుంచి. ఆ తర్వాత బయట, అలల హోరులో, వినీ వినపడనట్టు.

"చాలు తల్లీ, ఇంక నావల్ల కాదు," అంటూ జోవన్ దుప్పటి తీసి ఆమె ముఖం చూశాడు. చెంపలు తడిసి ఉన్నాయి.

"ఒక్కసారి, జోవన్. దూరం వెళ్ళిపోతున్నాడు."

జోవన్ దుప్పటి నెత్తిన వేసుకుని, కుంటుకుంటూ, ఈసారి అన్నిటికన్నా పై మెట్టు ఎక్కాడు.