వంతెన దాకా

టక్ టక్ టక్ టక్!

తాకేటా వంతెన ఎక్కుతుండగానే పికప్ మళ్లీ మొదలుపెట్టింది.

భాస్కర్ పళ్లు కొరికాడు. ఖాళీగా ఉన్నంతసేపూ ఈ బండి నోట్లో నాలుక లేనట్టే ఉంటుంది. వెనక బల్లల మీద జనం నిండి, చేపల గంపలు నాలుగు ఎక్కి, ఎత్తు రోడ్డు తగిలిందో, లోపల ఎవరో సుత్తి పుచ్చుకుంటారు.

ముగ్గురు మెకానిక్కులకు చూపించాడు. ప్రతిసారీ బండి ఖాళీ చేసి, శుభ్రంగా కడిగి మరీ తీసుకెళ్లాడు. మురికి బండిని మెకానిక్ చేతికివ్వడం తండ్రి నాటినుంచీ ఆ ఇంట్లో లేదు.

నిలబెట్టి తొక్కి చూస్తే చప్పుడెక్కడిది? ఇద్దరు నవ్వి పంపేశారు. మూడోవాడు, ఈ దేశపువాడైన కో జేయా తల పంకించి, "లోపల అరిగిపోయి ఉంటుంది. ఇంజను మార్చెయ్" అన్నాడు.

తండ్రి ఎక్కించిన ఇంజను. ఇన్నాళ్లూ ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన ఇంజను. మార్చడానికి చేతులు రావడం లేదు.

పైగా ఈ ముసలాయనొకడు.

వారం రోజులుగా బజారు దగ్గర చెయ్యెత్తుతాడు. లుంగీ పైకి దోపుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంటాడు.

"ఎక్కడికి తాతా?"

"ఎక్కడికీ లేదు బాబూ. వంతెన దాకా."

వంతెన దాటాక దిగడు. అదే బండిలో వెనక్కి వస్తాడు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం వంగి, కాళ్ల దగ్గరి రేకు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటాడు, జ్వరం చూస్తున్నట్టు.

ఇవాళా అదే పని.

"ఇంజను బాగానే ఉంది బాబూ. ఇరిగింది దాని కాలు."

"ఇంజనుకి కాలేటి తాతా? రేపు జలుబు కూడా సేసిందంటావు!"

"బరువుతోనే ఆపు. నాను కిందకి దూరి సూత్తాను. దింపేత్తే దొరకదు."

"ఇరవైమందిని వంతెన మీద ఆపి, నిన్ను బండి కిందకి తొయ్యాలా? పోలీసోళ్లు నన్నే తోత్తారు లోపలికి."

వెనక నుంచి చేపల చిన్నమ్మి రేకు మీద దబదబా కొట్టింది.

"ఏటిరా బాస్కరూ, కబుర్లా? మార్కెట్టుకెల్లేసరికి నా పచ్చిసేపలు ఎండుసేపలైపోతాయి!"

బండంతా ఘొల్లుమంది. భాస్కర్‌కు ఒళ్లు మండింది.

"ఊరి అవతల సంచౌంగు కాడినుంచి రెండు బస్సులు మారి వత్తున్నాను బాబూ" అన్నాడు ముసలాయన. "బంగారంలాటి ఇంజను. మార్చకు. నా మాటిను..."

వంతెన దిగగానే భాస్కర్ సడన్ బ్రేకు వేశాడు. అడ్డంగా వంగి, అటువైపు తలుపు తెరిచాడు.

"దిగు తాతా. వంతెన దాకా అన్నావు. వంతెన అయిపోనాది."

ముసలాయన డాష్‌బోర్డును ఒకసారి తట్టి, మెల్లగా దిగాడు. దిగి, కిటికీలోంచి చెప్పాడు.

"నన్ను బుల్లియ్య అంటారు. మనవరాలింట్లో ఉన్నాను. ఆదివారం మా ఊరు మౌలమైన్ ఎల్లిపోతాను. ఈలోగా మనసు మారితే..."

"ఎవులైతే నాకేటి!"

పికప్ కదిలిపోయింది.

శనివారం కో జేయా ఇంజను మార్చేశాడు. పాతదాన్ని లమ్మడా పేట నుంచి వచ్చిన పాత ఇనుము వాళ్లు పట్టుకుపోయారు. సాయంత్రానికే దాన్ని ముక్కలు చేసేశారట.

సోమవారం పొద్దున్న. నిండా జనం. నాలుగు గంపలు. వంతెన.

టక్ టక్ టక్ టక్!

"కొత్తదాని గొంతూ అచ్చం పాతదాని గొంతేనేటిరా?" అంది చిన్నమ్మి.

భాస్కర్ వంతెన దిగాక, దిగొద్దని జనాన్ని బతిమాలి, గంపలతో సహా, చేపల నీళ్లు కారుతుండగానే బండిని కో జేయా షెడ్డుకు తోలాడు. కడగని బండిని, దింపని బరువుతో మెకానిక్ ముందు పెట్టడం అతనికి అదే మొదటిసారి.

కో జేయా కిందకి దూరాడు.

"బ్రేకు తొక్కిపట్టి గేరులో లాగించు... ఇంకా... ఆపు, ఆపు!"

ఇంజనును చట్రానికి పట్టి ఉంచే ఇనప పట్టీ. కొత్త ఇంజనుకూ ఆ పాతదే బిగించాడు. గ్రీజు కింద సన్నటి పగులు. బరువు లాగినప్పుడే నోరు తెరుస్తుంది. అప్పుడు ఇంజను ఒరిగి, ఫ్యాను రెక్క రేకుకు కొట్టుకుంటుంది. ఖాళీ బండిలో ఆ నోరు మూసుకునే ఉంటుంది.

"ఇంజను తప్పు కాదు" అన్నాడు కో జేయా, మొహం చూపించకుండా.

పట్టీ ఊడదీసి కిరసనాయిలుతో తుడిచాడు. వెనకవైపు ఉలితో చెక్కిన గుండ్రటి గీతలు బయటపడ్డాయి.

"ఏంటివి? మీ తెలుగేనా?"

భాస్కర్ తెలుగు మాట్లాడతాడు గానీ, అక్షరం రాదు. గంపలు మార్కెట్టులో దించేసి, పట్టీని ఇంటికి తీసుకెళ్లి భార్య ముందు పెట్టాడు. హైమ చిన్నప్పుడు కోవెల బడిలో నేర్చుకుంది.

ఆమె పట్టీని కిటికీ వెలుగులో పట్టుకుని, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివింది.

"బుల్లియ్య... సేసిన... కాలు. ఇరిగితే... సెప్పండి. ఎక్కడున్నా... వత్తాను."